సోనీ 200-600 లెన్స్: వన్యప్రాణి చిత్రీకరణను వృత్తిగా ఎంచుకునేవారి కోసం ఒక సమీక్ష

వన్యప్రాణి చిత్రీకరణలోకి రావాలనుకునే యువతీయువకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న మొదట ఏ లెన్స్ కొనాలన్నదే. కొన్నేళ్లుగా నేను చెబుతున్న జవాబు సోనీ ఎఫ్‌ఈ 200-600 ఎంఎం ఎఫ్/5.6-6.3 జి ఓఎస్ఎస్. అయితే ఆ జవాబుకు కొన్ని షరతులున్నాయి, అవి ఒక్క ముక్కలో చెప్పగలిగేవి కావు. లక్షన్నర రూపాయలకు పైగా పెట్టి కొనే వస్తువును సెలవు రోజుల్లో చెరువుగట్టుకు వెళ్లి పిట్టలను చూసుకునేవారు ఒకలా అంచనా వేస్తారు. దానిమీదే బతుకుదెరువు వెతుక్కోబోయేవారు మరోలా అంచనా వేయాలి. ఈ సమీక్ష రెండో వర్గం వారి కోసం. ఈ లెన్స్ గురించి వచ్చిన సమీక్షల్లో అధిక భాగం ఫోటో పదును దగ్గరే ఆగిపోతాయి. చలనచిత్రం తీసేవారికి, డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ చేసేవారికి అంతకన్నా ముఖ్యమైనవి ఉన్నాయి కనుక, పొద్దున్నే గేటు తెరిచినప్పటి నుంచి చీకటి పడేదాకా ఇది పనిలో ఎలా ఒదుగుతుందన్న దానికే నేను ఎక్కువ చోటు ఇస్తున్నాను.

2019 జూన్‌లో సోనీ ఈ లెన్స్‌ను, 600 ఎంఎం ఎఫ్/4 జీఎం లెన్స్‌ను ఒకేసారి ప్రకటించింది. రెండోదాని ధర పది లక్షలు దాటుతుంది కనుక, ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టే మన ఊళ్ల పిల్లల్లో ఎవరికైనా అసలు ప్రశ్న మొదటిదాని గురించే. ట్రైపాడ్ ఫుట్ (ట్రైపాడ్‌కు బిగించే కాలు) లేకుండా దీని బరువు 2,115 గ్రాములు, పొడవు 318 మిల్లీమీటర్లు. ఆ పొడవు 200 దగ్గరైనా 600 దగ్గరైనా మారదు. జూమ్ చేసినప్పుడు కదిలే గాజులన్నీ గొట్టం లోపలే కదులుతాయి తప్ప, ముందు భాగం బయటికి సాగదు. ఫోటోలు తీసేవారికి ఇది చిన్న సౌకర్యంగా కనిపించవచ్చు కానీ, వీడియో తీసేవారికి ఈ లెన్స్‌ను ఎంచుకోవడానికి నా దృష్టిలో ఇదే మొదటి కారణం. ఫ్లూయిడ్ హెడ్ (ట్రైపాడ్ మీద కెమెరాను కుదుపు లేకుండా తిప్పే భాగం) మీద కెమెరాను బ్యాలెన్స్ చేసి పెట్టుకున్న తరువాత ముందు గొట్టం సాగే లెన్స్ అయితే బరువు ముందుకు జరుగుతుంది, హెడ్ కిందికి వాలుతుంది, షాట్ మధ్యలో ఫ్రేమ్ జారిపోతుంది. కొంగ నీళ్లలోంచి చేపను పట్టే అరక్షణంలో జూమ్ మార్చవలసి వస్తే హెడ్ గురించి ఆలోచించే వ్యవధి ఉండదు. ఈ లెన్స్‌తో ఉదయం ఒకసారి బ్యాలెన్స్ సరిచేసుకుంటే మళ్లీ దాని జోలికి పోనక్కరలేదు. మరో లాభం దుమ్ము విషయంలో. ఎండాకాలం సఫారీ జీపు వెనుక లేచే ఎర్రదుమ్మును ఎరిగినవారికి, సాగే గొట్టం ప్రతి జూమ్‌తోనూ ఆ దుమ్మును కొంతకొంతగా లోపలికి లాక్కుంటుందని వేరుగా చెప్పనక్కరలేదు.

జూమ్ రింగు 200 నుంచి 600 దాకా తిరగడానికి 70 డిగ్రీల కోణం చాలు. అంటే మణికట్టును ఒక్కసారి తిప్పితే మొత్తం పరిధి చేతికి వస్తుంది, రింగు కూడా తేలికగా ఒక వేలితో కదులుతుంది. ఫోటోగ్రాఫర్లు దీన్ని ఎంతగానో మెచ్చుకుంటారు. షాట్ నడుస్తుండగా నెమ్మదిగా జూమ్ చేయాలనుకునేవారికి మాత్రం అదే తేలికతనం ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అంత చిన్న కోణంలో అంత పెద్ద పరిధి ఇమిడి ఉండటంతో చేయి కాస్త వణికినా తెరమీద తెలిసిపోతుంది. నేను షాట్ మధ్యలో జూమ్ చేయను. రెండు షాట్ల మధ్య ఫ్రేమ్ మార్చుకోవడానికే జూమ్‌ను వాడతాను. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవారికి పనికొచ్చేవి కూడా అలాంటి స్థిరమైన షాట్లే.

ఎడిటింగ్ మాట వచ్చింది కనుక ఈ లెన్స్ అసలు బలాన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. పులుల అభయారణ్యాలు వానాకాలంలో మూడు నెలల పాటు పర్యాటకులకు మూసి ఉంటాయి. సరిగ్గా ఆ కాలంలోనే మన పొలాల్లో, బావుల మీదికి వంగిన ఈతచెట్లకూ తుమ్మకొమ్మలకూ గిజిగాడు గూడు కడుతుంది. దీన్ని తీయడానికి గేటు టికెట్టు అక్కరలేదు, జీపు అద్దె అక్కరలేదు, పొలం రైతు అనుమతి ఉంటే చాలు. కొత్తగా ఈ పని నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. బావికి అవతలి గట్టున ట్రైపాడ్ నిలబెట్టి, 200 దగ్గర మొదలుపెడితే చెట్టు కొమ్మలకు వేలాడే గూళ్ల గుంపు ఒక ఫ్రేములో వస్తుంది. 400 దగ్గర ఒకే గూడు, దాన్ని పట్టుకుని రెక్కలు కొట్టుకునే పసుపుతల మగపిట్ట వస్తాయి. 600 దగ్గర పిట్ట ముక్కు, దానిలోని ఆకుచీలిక, ఆ చీలిక గూటిలోకి దూరి మళ్లీ ఇవతలికి వచ్చే తీరు కనిపిస్తాయి. మగపిట్ట ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ అంచును పట్టుకుని ఎగిరిపోతూ పొడవాటి చీలికను తీసుకుంటుంది. గూటి దగ్గర దాన్ని కాలికింద అదిమిపెట్టి, ముక్కుతో ఒకవైపు దూర్చి, రెండోవైపు నుంచి లాగుతుంది. సగం కట్టిన గూడు హెల్మెట్‌లా ఉన్న దశలో ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది. నచ్చితేనే మగపిట్ట మిగిలిన సొరంగం పూర్తి చేస్తుంది. గూటి లోపలి గోడలకు తడిమట్టి ముద్దలు అంటించడం కూడా చూడవచ్చు. ఇంత కథను ఒకే చోటు నుంచి, పిట్టకు కొంచెమైనా ఇబ్బంది కలగకుండా, దూరం, మధ్యమం, దగ్గర అన్న మూడు రకాల షాట్లుగా విడదీసి ఒక సీక్వెన్స్‌గా తీయడానికి ఈ ఒక్క లెన్స్ సరిపోతుంది. ఛానళ్లు, నిర్మాతలు కొత్తవారి నుంచి కోరేది ఒక గొప్ప ఫోటోను కాదు. ఒక పని మొదలై, సాగి, ముగిసే సీక్వెన్స్‌ను. పోర్ట్‌ఫోలియోలో పులి ముఖాలు యాభై ఉన్నవారికన్నా గిజిగాడి గూటి సీక్వెన్స్ ఒక్కటి శుభ్రంగా తీసినవారికే నేను పని ఇస్తాను.

పదును విషయంలో చెప్పవలసింది కొంచెమే. 24 గాజులు 17 గుంపులుగా ఉన్న ఈ లెన్స్ 600 దగ్గర, పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో (కాంతిని లోపలికి వదిలే రంధ్రం) కూడా, 4కే వీడియోకు కావలసినదానికన్నా ఎక్కువ వివరం ఇస్తుంది. పెద్ద ప్రింట్ల కోసం 33 మెగాపిక్సెళ్ల సోనీ ఏ7 ఫోర్ కెమెరా బాడీ మీద తీసిన ఫోటోల్లోనూ నాకు లోటు కనిపించలేదు. 11 బ్లేడ్ల అపర్చర్ వల్ల వెనుక నీళ్ల మీది తళుకులు గుండ్రంగా, మెత్తగా వస్తాయి. 2.4 మీటర్ల దాకా దగ్గరకు ఫోకస్ చేస్తుంది కనుక తూనీగలను, సీతాకోకచిలుకలను, రాళ్లమీది తొండలను కూడా దీనితోనే తీయవచ్చు. ఆటోఫోకస్ ఆకాశం మీద ఎగిరే పక్షిని వదలదు. ఎండుగడ్డి వెనుక కూర్చున్న జంతువు విషయంలో మాత్రం ముందున్న గడ్డిపోచను పట్టుకుని వేలాడే సందర్భాలున్నాయి. లెన్స్ పక్కనున్న ఫోకస్ లిమిటర్ స్విచ్‌ను పది మీటర్ల నుంచి అనంతం వైపు పెట్టుకుంటే ఆ బెడద సగానికి సగం తగ్గుతుంది. చిత్రం నడుస్తుండగా ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటే ఆ షాట్ పనికిరాదు కాబట్టి, గడ్డి మైదానాల్లో నేను మాన్యువల్ ఫోకస్‌కే మొగ్గు చూపుతాను.

ఇక లోపాల్లో అన్నిటికన్నా పెద్దది వెలుతురు. 600 దగ్గర ఈ లెన్స్ ఎఫ్/6.3 కన్నా ఎక్కువ తెరుచుకోదు; ఎఫ్ పక్కనున్న అంకె పెద్దదయ్యేకొద్దీ లోపలికి వచ్చే కాంతి తగ్గుతుంది. ఎఫ్/4 లెన్స్‌తో పోలిస్తే సెన్సర్ మీదికి చేరే కాంతి రెండున్నర రెట్లు తక్కువ. మధ్యాహ్నం ఎండలో ఈ తేడా ఎవరికీ పట్టదు. కానీ చిరుత, ఎలుగుబంటి, పులి వంటి వాటి బతుకంతా పొద్దు పొడిచే ముందూ, పొద్దు కుంకిన తరువాతా ఉంటుంది. నల్లమల వంటి అడవిలో చెట్ల నీడకింద ఉదయం ఆరు గంటల వేళ ఐఎస్‌ఓను (సెన్సర్ సున్నితత్వం; పెంచేకొద్దీ చిత్రం గరుకుగా మారుతుంది) 6400 దాటించక తప్పని సందర్భాలు వస్తాయి. ఫోటోకైతే షటర్ వేగం తగ్గించి, జంతువు కదలకుండా నిలబడిన క్షణాన్ని ఎంచుకుని గట్టెక్కవచ్చు. వీడియోలో ఆ వెసులుబాటు లేదు. సెకనుకు 25 ఫ్రేములకు షటర్ వేగం సెకనులో యాభయ్యో వంతు ఉండాలన్నది సాధారణ నియమం. స్లో మోషన్ కోసం 100 ఫ్రేములకు వెళితే అది రెండువందలో వంతు అవుతుంది, అంటే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. వన్యప్రాణి చిత్రాల్లో మనం చూసి మురిసిపోయే ఆ నెమ్మది పరుగులు, నెమ్మది దూకుళ్లు వేకువ వెలుతురులో ఈ లెన్స్‌తో రావు. వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య 1.4 రెట్ల టెలీకన్వర్టర్ (చూపును పెంచే అదనపు గాజు) తగిలిస్తే 840 ఎంఎం వస్తుంది కానీ అపర్చర్ ఎఫ్/9 అవుతుంది కనుక, పట్టపగలు నీటి పక్షులకు తప్ప దాన్ని నేను సంచిలోంచి తీయను. దూరం చాలనప్పుడు ఏ7 ఫోర్ వంటి బాడీలో సూపర్ 35 క్రాప్‌కు (సెన్సర్ మధ్యభాగాన్ని మాత్రమే వాడే పద్ధతి) మారితే 900 ఎంఎం లెన్స్ చూపు వస్తుంది, అపర్చర్ మారదు. ఆ బాడీ 4కేలో 50 ఫ్రేములు తీసేది ఎలాగూ ఆ క్రాప్‌లోనే.

వెలుతురు తక్కువైనప్పటి కష్టం అందరికీ తెలిసిందే. ఎక్కువైనప్పటి కష్టం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నడి ఎండలో ఐఎస్‌ఓ 100 దగ్గర, ఎఫ్/6.3 తో సరైన ఎక్స్‌పోజర్‌కు షటర్ సుమారు ఆరువందలో వంతు కావాలి. చలనం సహజంగా కనిపించడానికి దాన్ని యాభయ్యో వంతుకు దించాలంటే నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది) దాకా కాంతిని ఆపే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. రంగులను తరువాత దిద్దుకోవడానికి ఎస్-లాగ్ 3 అనే రికార్డింగ్ పద్ధతిలో తీస్తే, ఏ7 ఫోర్‌లో కనీస ఐఎస్‌ఓ 800 కనుక మరో మూడు స్టాపులు కలుస్తాయి. ఈ లెన్స్ ముందు భాగం వ్యాసం 95 మిల్లీమీటర్లు. ఆ కొలతకు మంచి వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ చాలా ఖరీదు, మన ఊళ్ల దుకాణాల్లో దొరకదు, చవకరకం తెస్తే 600 దగ్గర పదును పోతుంది. 600 ఎంఎం ఎఫ్/4 లెన్స్‌లో వెనుకభాగాన చిన్న ఫిల్టర్ పెట్టుకునే అర ఉంది. ఈ లెన్స్‌లో లేదు. కాబట్టి లెన్స్ ధరతోపాటు ఫిల్టర్ ధరను కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. ఫిల్టర్ లేకుండా షటర్ వేగం పెంచి తీసిన పక్షి రెక్కలు తెరమీద టకటకమని తెగితెగి కదులుతాయి.

మన వాతావరణానికి సంబంధించిన మరో సంగతి ఎండమావి. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి మైదానాల్లో, ఒకప్పుడు బట్టమేక పిట్టల కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ నేలమీద, ఫిబ్రవరి దాటితే ఉదయం తొమ్మిది గంటలకే నేల నుంచి వేడి తెరలు లేస్తాయి. రెండు వందల మీటర్ల దూరంలోని కృష్ణజింక వ్యూఫైండర్‌లో అలల మీద ఉన్నట్టు ఊగుతుంది. కొత్తవారు దీన్ని ఫోకస్ లోపమనుకుని లెన్స్‌ను తిట్టుకుంటారు, సర్వీస్ సెంటర్‌కు కూడా పట్టుకెళతారు. గాలి చేసే ఈ పనిని పది లక్షల లెన్స్ కూడా ఆపలేదు. దగ్గరకు వెళ్లడం, తొందరగా మొదలుపెట్టి తొందరగా ముగించడం తప్ప దీనికి మందు లేదు. అయితే ఆ అలలను వాడుకోవడం కూడా ఒక విద్యే. వేసవి తీవ్రతను చెప్పవలసిన చోట, ఊగే గాలిలో నిలబడిన జింకల మంద కన్నా బలమైన షాట్ మరొకటి ఉండదు.

లెన్స్‌తోపాటు వచ్చే ట్రైపాడ్ ఫుట్ విషయంలో సోనీని తప్పుపట్టక తప్పదు. హెడ్‌లోకి నేరుగా జారి బిగుసుకునే ఆర్కా తరహా గాడి దానికి లేదు. ఇంత ధర పెట్టినవారు విడిగా ప్లేటు కొని బిగించుకోవాలి, లేదా వేరే కంపెనీ ఫుట్ తెచ్చుకుని మార్చుకోవాలి. ఇక ట్రైపాడ్, ఫ్లూయిడ్ హెడ్ విషయంలో కొత్తవారు చేసే పొదుపు చూస్తే నాకు బాధ కలుగుతుంది. లెన్స్‌కు లక్షన్నర పెట్టి, హెడ్‌కు ఐదు వేలు పెడతారు. 600 ఎంఎం దగ్గర కెమెరాను పక్కకు తిప్పి ఆపినప్పుడు హెడ్ అరమిల్లీమీటరు వెనక్కు తన్నినా తెరమీద అది పెద్ద కుదుపు. లెన్స్ పాతది కొని అయినా సరే, మిగిలిన డబ్బు హెడ్ మీద పెట్టమని చెబుతాను. లెన్స్‌లోని స్టెబిలైజర్ మూడు మోడ్‌లతో వస్తుంది. ఫోటోలకు అది చాలా బాగా పనిచేస్తుంది. కొల్లేరులో ఆటపాక దగ్గర పడవలో కూర్చుని, ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టిన గూడబాతులను చేతిలో పట్టుకున్న కెమెరాతో తీసినప్పుడు ఫోటోలన్నీ నిలిచాయి కానీ, వీడియో మాత్రం పడవతోపాటే ఊగింది. సఫారీ జీపులో ట్రైపాడ్‌కు చోటుండదు. బియ్యమో పెసలో నింపిన బీన్ బ్యాగ్‌ను జీపు కడ్డీ మీద వేసి, డ్రైవర్‌తో ఇంజన్ ఆపించి, జీపులోని మిగతావారిని కదలకుండా కూర్చోమని బతిమాలి తీయవలసిందే. ఆ చివరిది అన్నిటికన్నా కష్టం కనుక, వృత్తిగా చేసేవారు జీపులో సీటు కాక మొత్తం జీపు మాట్లాడుకోవాలి. ఆ ఖర్చును క్లయింటుకు ఇచ్చే అంచనాలో మొహమాటం లేకుండా రాయాలి.

పొడవాటి లెన్స్ అంటే దూరంగా ఉండగలిగే అవకాశం. దాన్ని దగ్గరకు వెళ్లడానికి వాడేవారిని చూస్తే కోపం వస్తుంది. గూటికి అడ్డుగా ఉన్న కొమ్మను నరికి ఫోటో తీసి, ఎండకు పిల్లలు చచ్చిపోయేలా చేసేవారు మన మధ్య ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. అభయారణ్యంలో ఫోటోలు, చిత్రాలు తీయడానికి అదే చట్టంలోని 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇస్తారు. 2022 సవరణ తరువాత ఆ సెక్షన్‌లో చలనచిత్ర నిర్మాణం మాట చేరింది; ఆవాసానికి గానీ ప్రాణులకు గానీ హాని కలగకూడదన్న షరతూ చేరింది. పర్యాటకుడిగా టికెట్టు కొని తీసిన ఫుటేజీని ఛానల్‌కు అమ్మబోతే వాళ్లు అడిగే మొదటి కాగితం ఈ అనుమతి పత్రమే. అది లేక మంచి ఫుటేజీ హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోయినవారు నాకు తెలుసు. వృత్తిగా చేయదలచినవారు లెన్స్‌కు డబ్బు కూడబెట్టుకుంటున్న నెలల్లోనే దరఖాస్తు ఎలా పెట్టాలో, ఎంత రుసుము కట్టాలో అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి తెలుసుకోవడం మంచిది.

ఈ లెన్స్ అసలు చేయలేనిది ఒకటుంది, డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీకి అదే ప్రాణం. అది మనుషుల కథ. కొల్లేరునే తీసుకుందాం. 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు కథలో గూడబాతు ఒక పాత్ర మాత్రమే. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లు పడగొట్టినప్పటి నుంచి నేటివరకు ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన అభయారణ్యపు హద్దు) చుట్టూ సాగుతున్న పోరాటం, లంక గ్రామాల వాళ్ల జీవనం, వలలు, పడవలు, చెరువుల యజమానులు, కూలీలు, వీళ్లందరూ లేకుండా ఆ కథ లేదు. నల్లమలలో పులుల కాపలాకు బేస్ క్యాంపుల్లో రాత్రింబవళ్లు గడిపే చెంచు వాచర్ల కథ చెప్పాలంటే వాళ్ల పక్కన కూర్చోవాలి. 200 ఎంఎం దాని కనిష్ఠ కొలత. ఒక మనిషి ముఖం తీయడానికి కూడా పది అడుగులు వెనక్కు నడవాలి, ఇరుకు గుడిసెలో అయితే అది అసలే పనికిరాదు. 35 ఎంఎం లెన్స్ ఒకటి, చిన్న లాపెల్ మైకు ఒకటి, వినే ఓపిక ఒకటి తప్పనిసరి. శబ్దం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 600 ఎంఎం దూరం నుంచి తీసిన చిత్రంలో పక్షి గొంతు ఉండదు, మీ జీపు మోటారు, మీ ఊపిరి ఉంటాయి. అడవి శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవడం నేర్చుకోనివారు సగం చిత్రమే తెస్తారు.

కెమెరా వల్ల ఏమవుతుందని అడిగేవారికి నేను వన్యప్రాణి చిత్రాల దర్శకుడు మైక్ పాండే గారి పేరు చెబుతాను. గుజరాత్ తీరంలో వేల్ షార్క్‌ల వేట మీద ఆయన తీసిన చిత్రానికి 2000లో బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో వన్యప్రాణి చిత్రాలకిచ్చే పాండా అవార్డు వచ్చింది. మరుసటి ఏడాదే మన దేశంలో ఆ చేపకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు కింద రక్షణ దక్కింది. ఆ చిత్రానికి బలం లెన్స్ పొడవులో లేదు. ఒడ్డున ఆ చేపలను కోస్తున్న మనుషులను, వారి బతుకును దగ్గరగా చూపడంలో ఉంది. మన తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ, కోరింగ మడ అడవుల్లోని నీటిపిల్లికీ (ఫిషింగ్ క్యాట్) అటువంటి చిత్రాలు కావాలి. వాటిని తెలుగులో, మన మత్స్యకారుల మాటల్లో తీయగలిగినవారికి పోటీ చాలా తక్కువ. అవకాశం ఉన్నది అక్కడేనని నా గట్టి నమ్మకం. ఇది ఇప్పటికిప్పుడు జీతం ఇచ్చే దారి కాదు. మొదటి సంవత్సరాల్లో అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, పర్యాటక శాఖల కోసం తీసే చిన్న చిత్రాలు, పెద్ద బృందాల దగ్గర కెమెరా అసిస్టెంటు పని, కెమెరా ట్రాప్‌లు అమర్చే పని, ఫుటేజీ భద్రపరిచే పని ఇవే ఆదాయం. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసినా గంటకు 45 జీబీ నిండుతుంది కనుక ఆ చివరి పనికి ఎప్పుడూ మనిషి కావాలి, కొత్తవారికి తలుపు తెరిచేది తరచుగా అదే. విదేశాల్లో చదవగలిగే స్తోమత ఉన్నవారికి బీబీసీ నేచురల్ హిస్టరీ యూనిట్ ఉన్న బ్రిస్టల్‌లో ఒక ఎంఏ కోర్సు, అమెరికాలో మోంటానా స్టేట్ యూనివర్సిటీలో ఒక ఎంఎఫ్‌ఏ కోర్సు ప్రత్యేకంగా ఈ విద్యకే ఉన్నాయి. లేనివారు బెంగళూరు వెళ్లి అక్కడి వన్యప్రాణి చిత్ర బృందాల్లో చేరడం మేలు. పెళ్లి ఫోటోగ్రఫీతో ఇల్లు గడుపుకుంటూ ఈ పని చేసేవారు మన దగ్గర చాలామందే ఉన్నారు, అది ఎంతో గౌరవప్రదమైన మార్గం. కానీ ఎఫ్/6.3 లెన్స్ ఫంక్షన్ హాలులో దేనికీ అక్కరకు రాదని, దానిమీద పెట్టిన డబ్బు పెళ్లిళ్ల సీజన్‌లో తిరిగి రాదని గుర్తుంచుకోవాలి.

అందుకే కొనేముందు అద్దెకు తెచ్చుకుని వాడమంటాను. హైదరాబాద్‌లో అద్దెకిచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. తీసుకునేటప్పుడు అక్కడే కెమెరాకు తగిలించి చూసుకోవాలి. ఒకచోట నాకు ఇచ్చిన ప్రతిలో జూమ్ రింగు మధ్యలో పట్టేసింది, అది అడవికి చేరాక గానీ తెలియలేదు. పాతది కొనేవారు చీకటి గదిలో మొబైల్ టార్చి వెలుగును వెనుక నుంచి లెన్స్‌లోకి వేసి చూడాలి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి తీర ప్రాంతాల్లో వాడిన లెన్స్‌లలో ఫంగస్ దారాలు సాలెగూడులా కనిపిస్తాయి. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. తీరంలో ఉండేవారు లెన్స్ కొన్న రోజే డ్రై క్యాబినెట్ కూడా కొనాలి. ముందు గాజుకు ఫ్లోరిన్ పూత ఉంది కాబట్టి నీటి చుక్కలు, వేలిముద్రలు తేలికగా పోతాయి. దుమ్ము, తేమలను తట్టుకునే సీలింగ్ ఉన్నా, జడివానలో కవరు వేయకుండా వాడే సాహసం నేను చేయను.

మీ దగ్గర ఇప్పటికే నికాన్ జెడ్ బాడీ ఉంటే ఈ లెన్స్ కోసం కంపెనీ మారనక్కరలేదు. 2023లో వచ్చిన నికాన్ 180-600 కూడా లోపలే జూమ్ అవుతుంది, ట్రైపాడ్ కాలర్ లేకుండా రెండు కిలోలకు లోపే బరువుంటుంది. నాకు రెండింటి ఫుటేజీ మధ్య ఎంచుకోవలసిన తేడా కనిపించలేదు. కెనాన్ 200-800 దూరం ఎక్కువ చూపుతుంది కానీ చివర్లో అపర్చర్ ఎఫ్/9 కు పడిపోతుంది, గొట్టం బయటికి సాగుతుంది; వీడియో ప్రధానంగా చేసేవారికి నేను దాన్ని సూచించను. సోనీ బాడీలకు సిగ్మా 150-600 తక్కువ ధరకు వస్తుంది, పదును బాగుంటుంది. అయితే అదీ సాగే గొట్టమే, సోనీ టెలీకన్వర్టర్లను అంగీకరించదు, సెకనుకు 15 ఫోటోలకు మించి తీయనివ్వదు. ఫోటోలే ముఖ్యమై, డబ్బు కటకట ఉన్నవారికి అది సరైన ఎంపిక. ఏ బాడీ లేనివారు, వీడియోనే వృత్తి అనుకునేవారు, వాడిన ఏ7 ఫోర్ ఒకటి, వాడిన 200-600 ఒకటి, కొత్త ఫ్లూయిడ్ హెడ్ ఒకటి, 95 మిల్లీమీటర్ల ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి, ఒక మైకు, ఒక 35 ఎంఎం లెన్స్ ఇలా లెక్క వేసుకోవాలి. ఈ మొత్తం ఒకేసారి కుదరకపోతే 200-600 ను చివర కొనాలి. అప్పటిదాకా ఆ లెన్స్‌ను షూటింగు ఉన్న రోజులకు అద్దెకు తెచ్చుకోవచ్చు. హెడ్, మైకు, 35 ఎంఎం లెన్స్ మాత్రం రోజూ చేతిలో ఉండాలి.